పాలు పొంగిన చీటీ

సాయంత్రం ఆరింటికి ఆమె చిక్కుడుకాయలు ముందేసుకుని కూర్చునేది. ఆయన ఎదురుగా ముక్కాలిపీట మీద కూర్చుని పుస్తకం పైకి చదివేవాడు. కథ మంచి పట్టులో ఉంటే ఆమె చేతులు ఆగిపోయేవి, ఈనెలు తీయడానికే గంట పట్టేది. ఇప్పుడు అదే పని పది నిమిషాల్లో అయిపోతోంది. ఆయన పోయి మూడు నెలలు.

పుస్తకాల షాపులో ఇరవై ఎనిమిదేళ్ళు పనిచేశాడు ఆయన. అందరూ చీటీల మాస్టారు అనేవారు. తనకు నచ్చిన పుస్తకానికల్లా అట్ట లోపల ఒక చీటీ పెట్టేవాడు. చీటీ చూసి కొనేవాళ్ళే ఎక్కువ. అందులో మాటలు మాత్రం సగం ఆమెవి. నాలుగో తరగతితో బడి మానేసిన మనిషి. "ఎలా ఉందే?" అని ఆయన అడిగితే నోటికొచ్చింది అనేది. ఆయన అక్షరం మార్చకుండా రాసేవాడు. కింద పేరు పెట్టలేదు, తనదీ పెట్టలేదు, ఆమెదీ పెట్టలేదు.

షాపుకు ఏ రచయిత వచ్చినా బల్ల మీద పరిచే తెల్లగుడ్డ ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేసేదీ ఆమే. ఆయన పోయాక యజమాని మొట్టమొదట ఫోన్ చేసింది ఆ గుడ్డ కోసమే.

"గుడ్డ మీ ఇంట్లో ఉండిపోయిందమ్మా. ఆదివారం పెద్ద రచయిత వస్తున్నారు, కాస్త ఇస్త్రీ చేసి తెస్తారా?"

మనిషి పోయినప్పుడు అతను గడప తొక్కలేదు. ఆమె పళ్ళు బిగబట్టి ఇస్త్రీ చేసి, ఆడపడుచును తోడు తీసుకుని వెళ్ళింది.

ఆయన నిలబడే మూలలో మైకు పెట్టారు. గుడ్డ పరిచిన బల్లకు చెరో పక్క యజమాని, రచయిత. మాటల మధ్యలో రచయిత పర్సులోంచి రంగు వెలిసిన చీటీ ఒకటి తీశాడు.

"నా మొదటి పుస్తకాన్ని ఎవరూ ముట్టని రోజులండీ. ఈ షాపులోనే, ఒక కాపీలో దొరికిందిది. వినండి. 'ఇది చదివేటప్పుడు పొయ్యి మీద పాలు పెట్టకండి. మావి పొంగిపోయాయి.' ఇది చూశాకే రెండో పుస్తకం రాశాను. ఎవరు రాశారండీ ఇది?"

యజమాని సిగ్గుపడ్డట్టు నవ్వాడు. "ఇంకెవరండీ, నేనే."

చప్పట్లు. ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"సొమ్మొకడిది, సోకొకడిది," గొణిగింది ఆడపడుచు. "మా అన్నయ్య చీటీలు నాకు తెలీవూ? ఇదిగో వదినా, ఎక్కడికి లేస్తావ్, కూర్చో!"

నోట్లో నాలుక లేదని పేరుపడ్డ మనిషి లేచి నిలబడింది.

"మీరెప్పుడు పాలు కాచారండీ?"

నలుగురూ నవ్వారు. ఆమె నవ్వలేదు.

"రాసింది మా ఆయన. అన్నది నేను. మాడిన గిన్నె ఇంకా ఇంట్లోనే ఉంది. తెచ్చి చూపించమంటారా?"

యజమాని మైకు సర్దబోతే చెయ్యి తగిలి టీ కాస్తా గుడ్డ మీద ఒలికింది. "మా మాస్టారి భార్యండీ, పాపం దిగులులో ఉన్నారు. ఎవరి చెయ్యైతే ఏమిటమ్మా? షాపులో రాసింది షాపుదే కదా!"

ఆమె రచయిత వైపు చూసింది. అతను చీటీని చూశాడు, ఆమెను చూశాడు.

"పోనీలెండి, మంచి మాట అందరిదీ," అంటూ చీటీ మడిచి మళ్ళీ పర్సులోనే పెట్టుకున్నాడు. "ఇంకెవరికైనా ప్రశ్నలున్నాయా?"

వెళ్ళేటప్పుడు యజమాని గుడ్డ మూటగట్టి ఆమె చేతిలోనే పెట్టాడు. "బుధవారానికి కావాలమ్మా."

"వాడి మొహాన కొట్టక తెచ్చుకున్నావేం వదినా?" దారంతా ఆడపడుచు పోరింది. ఆమె మూట చంకలో పెట్టుకుని నడిచింది.

మంగళవారం పొద్దున్నే ఫోన్ వచ్చింది.

"ఉతికారా అమ్మా?"

"లేదండీ."

"అయ్యో, టీ మరక. ఆలస్యమైతే పోదమ్మా!"

"షాపులో పడింది షాపుదే కదండీ. వచ్చి పట్టుకెళ్ళండి."

ఫోన్ పెట్టేసి కొళాయి తిప్పింది. చీరలు ఉతికింది, దుప్పట్లు ఉతికింది, మాసిపోకున్నా ఆయన చొక్కాలు రెండు ఉతికి జాడించి ఆరేసింది. తెల్లగుడ్డ మాత్రం కొళాయి పక్కనే, మరక పైకి కనిపించేలా, చుక్క నీరు తగలకుండా పడి ఉంది.