ట్రక్కు దగ్గర మనిషి

"పైకెందుకు వదినా, శిలువ ఇక్కడే నాటేద్దాం. రోడ్డు పక్కనైతే వచ్చేపోయేవాళ్ళు కూడా ఓ దణ్ణం పెట్టుకుంటారు" అన్నాడు ఎలిసియో.

"ఆయన పోయింది రోడ్డు పక్కన కాదు" అంది ఓటీలియా.

"సరే, పైనే కావాలంటే నేనూ ఇమెల్డా వెళ్ళి పెట్టొస్తాం. నీకసలే మోకాళ్ళ నొప్పులు. నువ్వు ట్రక్కు దగ్గరుండు."

ఎలిసియో ఆమె మరిది. వడ్రంగి. అన్న సంవత్సరీకానికని దేవదారు చెక్కతో శిలువ తానే చేసి, నూనె రుద్ది, పాత దుప్పట్లో చుట్టి తెచ్చాడు. ఆ మాట కూడా మంచికే అన్నాననుకున్నాడు. కానీ ఓటీలియా చిక్కుడుగింజల గిన్నె మీది మూతను ఇసకలోకి విసిరికొట్టింది. అది దొర్లుకుంటూ పోయి ట్రక్కు చక్రానికి తగిలి ఆగింది. పక్కనే నిలబడ్డ కూతురు ఇమెల్డా అదిరిపడింది. అమ్మ వస్తువు విసరడం ఆ పిల్ల పుట్టి బుద్ధెరిగి చూడలేదు.

ట్రక్కు దగ్గరుండు. ముప్ఫై ఒక్క ఏళ్ళు విన్నది ఆ మాట.

ఆమె మొగుడు ప్లాసిడో గ్రేడరు నడిపేవాడు. వారమంతా మట్టిరోడ్లు చదును చేసి ఒళ్ళు హూనమైన మనిషి, సెలవొస్తే ఇంట్లో పడుకోవాలి కదా! పడుకోడు. శుక్రవారం సాయంత్రం వస్తూనే డేరా, దుప్పట్లు, నీళ్ళ డబ్బాలు ట్రక్కు వెనక పడేసేవాడు. ఓ వారం తెల్లిసక దిబ్బలు, ఓ వారం యూటా వైపు రాతి తోరణాలు, చలికాలమైతే హీలా కొండల్లో వేడినీళ్ళ బుగ్గలు. పెళ్ళయిన పదోరోజున, పెళ్ళిబట్టలు ఇంకా ఉతకనైనా లేదు, పెద్దలోయ చూపిస్తానని తీసుకెళ్ళాడు. ఆయన లోయ చూశాడు. ఆమె ట్రక్కు చూసింది.

ఎందుకంటే ఆ ఇంట్లో ఒక కట్టడి ఉంది. కొండల్లోకి ఎందరు వెళ్ళినా సరే, ఒకళ్ళు ట్రక్కు దగ్గర ఉండాలి. వెళ్ళినవాళ్ళు గడువులోగా రాకపోతే వెతుక్కుంటూ పోకూడదు. ట్రక్కు తీసుకుని తారురోడ్డుకి వెళ్ళి మనుషుల్ని వెంటబెట్టుకు రావాలి. ఒకడి కోసం ఇంకొకడు ఎండలో పడిపోతే రెండు శవాలు లేస్తాయి. ప్లాసిడో మేనమామలిద్దరూ అలాగే పోయారు. కాబట్టి కట్టడి మంచిదే. మంచిది కనకనే, అది ఎవరి నెత్తిన పడిందో వాళ్ళకి కాదనడానికి నోరుండదు.

ఆ ఒకళ్ళు ఎప్పుడూ ఓటీలియానే. "నీ రొట్టెల కోసమైనా తిరిగొస్తాం కదే" అనేవాడు మొగుడు, బూట్ల తాళ్ళు బిగించుకుంటూ. ఆమె నవ్వేది. మొదటి పదేళ్ళూ నిజంగానే నవ్వింది.

ఇంట్లో నాలుగు చెప్పులడబ్బాల నిండా ఫోటోలున్నాయి. ప్లాసిడో బండమీద, ప్లాసిడో తోరణం కింద, ఇమెల్డా నాన్న భుజాల మీద, ఎలిసియో జలపాతంలో అంగీ లేకుండా. ఓటీలియా ఒక్క దాంట్లో ఉంది. మూలన ఓ మోచెయ్యి, పెనం, పొగ. ఆ మోచెయ్యి ఆమెది.

ఒకే ఒక్కసారి, ఇమెల్డాకి పదేళ్ళప్పుడు, గడువుకి గంట ముందే ఆమెకి మనసాగలేదు. ఉరుములు ఉరుముతున్నాయి, పిల్ల తండ్రితో, బాబాయితో పైనుంది. ట్రక్కు తీసుకుని అడవి కాపలావాళ్ళని పిలుచుకొచ్చింది. వచ్చేసరికి ముగ్గురూ దిగి, ట్రక్కు లేక, వానలో తడిసిన కోళ్ళలా నిలబడి ఉన్నారు. ప్లాసిడో రెండు నెలలు సణిగాడు. ఎలిసియో అయితే "సైరన్" అని పేరే పెట్టాడు. పెళ్ళిళ్ళలో, బాప్తిస్మాలలో, ఆమె గిన్నె పట్టుకుని వస్తుంటే చాలు, "తప్పుకోండర్రా, సైరనొచ్చింది!" అనేవాడు. ఊరంతా నవ్వేది. ప్లాసిడో అందరికంటే గట్టిగా నవ్వేవాడు.

ఆ తర్వాత ఆమె ఎప్పుడూ గడువు దాటకుండా కదలలేదు.

పోయిన జూన్‌లో ఈ కాకిలోయకే వచ్చారు. ఇద్దరే. ఇమెల్డా పెళ్ళై ఆల్బకర్కీలో ఉంది. కాకిలోయలో ట్రక్కు ఆపే చోటు ఎప్పుడూ ఒకటే, గడువూ ఒకటే: ముసలమ్మబండ నీడ వచ్చి ముందుచక్రాన్ని తాకేదాకా. ప్లాసిడో పొద్దున్నే రెండు సీసాల నీళ్ళతో వెళ్ళాడు. ఆమె చిక్కుడుగింజలు పెట్టింది, మిరపకాయలు కాల్చింది, రొట్టెలు చేసి గుడ్డలో చుట్టింది. నీడ చక్రాన్ని తాకింది. అప్పుడు కూడా "సైరన్" అన్న మాట చెవిలో మోగి, ఇంకో పది నిమిషాలు ఆగింది. ఆ పది నిమిషాల్లో ఆయన బూట్లకని తెచ్చిన కొత్త తాళ్ళు చేత్తో పట్టుకుని కూర్చుంది. ఆ తర్వాతే ట్రక్కు తీసుకుని మనుషుల కోసం తారురోడ్డుకి వెళ్ళింది.

మర్నాడు దొరికాడు. కాలు విరిగి, లోయకి పడమటి కొండగోడలో చాపంత రాతి అరుగు మీద, గోడకి జారగిలబడి, టోపీ ఒళ్ళో పెట్టుకుని. ముందురోజు మధ్యాహ్నమే పోయి ఉంటాడన్నారు. దించినవాళ్ళలో ఒకతను, మంచివాడే పాపం, ఓదార్పు అనుకుని అన్నాడు: "అక్కణ్ణించి మీ ట్రక్కు కనిపిస్తూనే ఉందమ్మా. ఒంటరిగా పోయాననుకుని ఉండడు."

ఆ మాట పట్టుకున్నాడు ఎలిసియో. సమాధి కార్యక్రమమయ్యాక చర్చి హాల్లో, నూట యాభైమంది పులుసు తాగుతుండగా, తాగినవాడిలా ఊగుతూ లేచి నిలబడ్డాడు. తాగలేదు, ఏడుపే.

"మా అన్నకి ట్రక్కు కనపడింది! ట్రక్కు దగ్గరున్న మనిషికి మా అన్న కనపళ్ళేదా? తలెత్తి ఒక్కసారి చూస్తే పోయేదేంటి వదినా? రొట్టెలు మాడిపోతాయనా?"

హాల్లో చెంచాలు ఆగిపోయాయి. ఎవరూ "నోర్ముయ్" అనలేదు. ఫాదర్ కూడా గ్లాసులోకి చూశాడు. ఓటీలియా గరిటె కింద పెట్టి, వంటింట్లోకి వెళ్ళి, గిన్నెలు తోమింది. అన్నీ తోమింది, తన ఇంటివి కానివి కూడా.

అప్పటినుంచి ఊళ్ళో ఆమెను ఎవరూ ఏమీ అనలేదు. అనకపోవడమే పెద్ద మాట. దుకాణంలో ఆమె వస్తే గొంతులు తగ్గేవి.

ఎవరికీ తెలియంది ఒకటుంది. ఆమె తలెత్తింది. ఆ రోజు పదకొండు గంటలప్పుడు ఏదో వినిపించింది. కేకలాంటిది. లేచి, చెయ్యి అడ్డం పెట్టుకుని, వినపడ్డ వైపు చూసింది. తూర్పు గోడ మీంచి కాకులు లేచాయి. ఓహో కాకులా, అనుకుని పెనం దగ్గరికి వచ్చేసింది. ఈ సంగతి కూతురికి చెప్పలేదు, ఒప్పుకోలుకి వెళ్ళి ఫాదర్‌కీ చెప్పలేదు. ఏడాది పాటు ఆ కాకులు ఆమెను నిద్రపోనివ్వలేదు. కేక ఆయనదైతే అరుగు పడమటున్నదేంటి? పడమటినుంచి వస్తే తాను తూర్పుకెందుకు తిరిగింది? అంత గుడ్డిదా తాను, అంత చెవిటిదా?

అది తేల్చుకోడానికే ఇవాళ వచ్చింది, శిలువ కోసం కాదు.

"ఇటివ్వు" అని ఎలిసియో భుజం మీంచి దుప్పటి మూట లాక్కుంది. "ఇమెల్డా, పట్టుకో. ఎలిసియో, ట్రక్కు దగ్గర నువ్వుండు."

"నేనా?"

"ఏం, కట్టడి ఆడవాళ్ళకేనా? పైకి చేరాక పిలుస్తాను. వినగానే నా వైపు చూసి టోపీ ఊపు. తలెత్తి చూస్తే చాలన్నావుగా."

ఎలిసియో ముఖం మాడిపోయింది. "అది... దుఃఖంలో అన్న మాట వదినా."

"దుఃఖంలో అన్నావో దుడుకులో అన్నావో, నూట యాభైమంది విన్నారు. ఈలోపు చిక్కుడుగింజలు కలుపుతూ ఉండు. అడుగంటనివ్వకు."

"నువ్వు పిలిస్తే వినపడకపోవడమేంటి? నీ గొంతు ముందు సైర..." అని ఆగాడు.

"పూర్తి చెయ్యి. ఆగావేం?"

ఎలిసియో మూత ఏరుకోడానికి వంగాడు.

ఎక్కడం రెండు గంటలు పట్టింది. మోకాళ్ళు అడుగడుగునా తిట్టాయి, ఆమె రాళ్ళను తిట్టింది. "ఇదా ఈయనగారి స్వర్గం! మేకలు కూడా మొక్కుబడి ఉంటే గానీ ఎక్కవు. దీని కోసమా నన్ను ముప్ఫై ఒక్క ఏళ్ళు టైర్ల పక్కన కూర్చోబెట్టింది?" ఓ మలుపులో ఆగి వెనక్కి చూసింది. లోయ అంతా ఎర్రగా, మడతలు మడతలుగా, కింద సన్నటి పచ్చటి గీత. బాగుంది. బాగుండటంతో కోపం ఇంకా పెరిగింది. "ఇంత ఉందని ఒక్కసారి చెప్పాడా, దొంగమొహం" అంది.

"ఎప్పుడూ చెప్పేవాడు కదమ్మా, ఫోటోలు చూపించి" అంది ఇమెల్డా.

"ఫోటోలు నాకెందుకే? నాకు కాళ్ళు లేవా?"

అరుగు చేరారు. ఇద్దరు మనుషులు పట్టేంత చోటు. గోడ మీద ఎవరో సుద్దతో గుర్తు పెట్టారు, అదింకా ఉంది. ఓటీలియా అక్కడే, మొగుడు కూర్చున్నట్టే, గోడకి జారగిలబడి కూర్చుంది. కింద ట్రక్కు అగ్గిపెట్టెంత. దాని పక్కన చుక్కలా మనిషి, ఒక చేత్తో గరిటె తిప్పుతూ. నిజమే, కనిపిస్తూనే ఉంది. అన్నీ కనిపిస్తున్నాయి.

రొమ్ము నిండా గాలి పీల్చి అరిచింది.

"ఎలిసియో!"

చుక్క గరిటె పారేసి లేచింది.

"ఎలిసియో! ఒరే ఎలిసియో!"

అతను చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకున్నాడు. తిరిగాడు. వాళ్ళకి వీపు పెట్టి, తూర్పు గోడ వైపు తిరిగాడు. అక్కడ కాకులు లేచాయి. అతను టోపీ తీసి, కాళ్ళు ఎడంగా పెట్టి, ఎంతో హుషారుగా, ఆ కాకులకి ఊపడం మొదలెట్టాడు.

"బాబాయ్ అటు ఊపుతాడేంటి?" అంది ఇమెల్డా. ముందు నవ్వబోయి, అమ్మ ముఖం చూసి ఆగింది.

ఇమెల్డా కూడా అరిచింది. తన ఎర్ర చున్నీ తీసి ఊపింది. ఎలిసియో ఇంకా నాలుగడుగులు తూర్పుకి నడిచి, ఇంకా గట్టిగా ఊపాడు. పడమటి గోడ కేకను తూర్పు గోడకి విసిరేస్తోంది. అక్కణ్ణించే అది కిందికి దిగుతోంది.

ఓటీలియా ఇమెల్డాకి అప్పుడు చెప్పింది. పదకొండు గంటలు, కేక, తూర్పు గోడ, కాకులు. కూతురు ఏడ్చింది. ఆమె ఏడవలేదు. అరచేత్తో బండని కొట్టింది, ఒకసారి కాదు.

"ఒక్కసారి! ఈ ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఒక్కసారి నన్ను ఇక్కడ కూర్చోబెట్టి, నువ్వు అక్కడ గరిటె పట్టుకుని ఉంటే నీకు తెలిసేది కదయ్యా, ఇక్కడ అరిస్తే ఎటు వినపడుతుందో! నాకూ తెలిసేది! నేను తలెత్తాను. ఇంటి పనిమనిషిలా కాదు, పెళ్ళాంలా తలెత్తాను. నువ్వే నాకు ఈ లోయ నేర్పలేదు."

లోయ ఆ మాటలన్నీ తీసుకెళ్ళి కాకులకి చెప్పింది.

రాళ్ళు పేర్చి శిలువ నిలబెట్టారు. "ఎటు తిప్పమంటావమ్మా? సూర్యోదయం వైపా?" అడిగింది ఇమెల్డా.

"ట్రక్కు వైపు. కూర్చుని చూస్తూ ఉండనీ. ఎలా ఉంటుందో తెలుస్తుంది."

కిందికి దిగేసరికి ఎలిసియో ఎదురొచ్చాడు, కొంచెం అలిగినట్టు. "ఎంతసేపు ఊపాను వదినా! అటువైపు ఎందుకెక్కారు? అన్న దొరికింది పడమటి వైపు కదా?"

"ఎటువైపు ఎక్కాం?"

"అదే, ఆ కాకుల దగ్గర..." చెయ్యి తూర్పుకి చాపాడు. చాపిన చెయ్యి అలాగే ఉండగా, వాళ్ళు దిగివచ్చిన దారిని చూశాడు. పడమటి గోడను చూశాడు. చెయ్యి మెల్లగా దిగింది. టోపీ తీశాడు.

"వదినా..."

"నేనూ విన్నాను ఎలిసియో. నేనూ అటే చూశాను."

అతను ట్రక్కు తలుపు పట్టుకున్నాడు. అప్పుడే అందరికీ వాసన తగిలింది. చిక్కుడుగింజలు అడుగంటి, గిన్నె నల్లగా పొగలు కక్కుతోంది.

"పైకి చూస్తుంటే... మర్చిపోయాను" అన్నాడు.

"ముప్ఫై ఒక్క ఏళ్ళలో నేను ఒక్కసారి మాడ్చలేదు. ఆదివారం పూజయ్యాక హాల్లో చెప్పాలి నువ్వు. అదే చోట నిలబడి, అంతే గట్టిగా."

"ఏం చెప్పను?"

"ఇవాళ ఏం చేశావో అది. వదిన పిలిస్తే కాకులకి టోపీ ఊపానని."

"ఊళ్ళో నవ్వుతారు వదినా."

"నవ్వనీ. పేరు కూడా పెట్టనీ."

ఎలిసియో చివరికి తలూపి, వంగి గిన్నె తీసుకుని, ఇసక మీద చతికిలబడి తోమడం మొదలెట్టాడు.

ఓటీలియా మడతకుర్చీ వేసుకుని కూర్చుంది. ఆ కుర్చీ ఎప్పుడూ ప్లాసిడోది. శిలువ ఎక్కడుందో ఆమెకి తెలుసు. ముసలమ్మబండకి కుడిపక్క, మూడో మడత, దాని కింద. కళ్ళు చికిలించి చూసింది. చెయ్యి అడ్డం పెట్టి చూసింది. ఎర్రరాయి తప్ప ఏమీ కనపడలేదు.

"అలా నిమిరితే పోదు" అంది మరిదితో, పైనుంచి చూపు తిప్పకుండా. "ఇసక వేసి గట్టిగా రుద్దు."