నోరు తెచ్చుకోవడానికి అక్కుపల్లి ప్రయాణం

గ్రౌండ్ స్కూల్, అంటే విమానమెక్కించే ముందు తరగతి గదిలో చెప్పే పాఠాలు, మొదలవడానికి ఇంకా పద్దెనిమిది రోజులున్నాయనగా, హైదరాబాదులో మా ఇంట్లో నా చదువు సాగదని తేలిపోయింది. వీధికో విమాన కంపెనీ పుడుతున్న రోజులవి. నాకు కో-పైలట్ ఉద్యోగం వచ్చిందని మా అమ్మ అపార్టుమెంటంతా చాటింది. శిక్షణలో నడిపిన బుల్లి విమానం తప్ప మరోటి ఎరగని నన్ను చూడ్డానికి జనం రావడం మొదలెట్టారు. పై అంతస్తు ఆయనైతే తనకు కిటికీ సీటే కావాలని ముందుగానే చెప్పి పెట్టుకున్నాడు.

అసలు బెంగ అది కాదు. ఉద్యోగం ఇచ్చే ముందు నన్ను సిమ్యులేటర్లో, అంటే నేలమీదే ఉండి ఎగిరినట్టు నటించే డబ్బాలో, కూర్చోబెట్టి పరీక్ష చేశారు. పక్కనున్న కెప్టెన్ కావాలనే విమానాన్ని ఉండాల్సిన ఎత్తు కన్నా కిందికి దించాడు. చూశాను. అంత పెద్దాయనకు తెలీదా అనుకుని గుడ్లప్పగించి కూర్చున్నాను. బయటికొచ్చాక ఆయన, "చదువుంది, నోరు లేదు. ట్రైనింగులోనూ ఇలాగే కూర్చుంటే ఇంటికి పంపేస్తాం," అన్నాడు. బుద్ధున్నవాడెవడైనా నోరు తెచ్చుకునే దారి చూస్తాడు. నేను ఇంకో రెండు పుస్తకాలు కొన్నాను.

ఆ పుస్తకాలూ, కాక్‌పిట్ బొమ్మ అచ్చేసిన నిలువెత్తు పోస్టరు చుట్టా పట్టుకుని సాయంత్రం నాలుగింటికి సికింద్రాబాదులో రైలెక్కాను. ఉద్దానం తీరంలో అక్కుపల్లి మా అమ్మ తమ్ముడు అప్పన్న మావయ్య ఊరు. సెల్‌ఫోనుకు సిగ్నలుండదు, కిటికీ సీటు అడిగేవాళ్లూ ఉండరు. ఎదురు బెర్తు మీద పలాస జీడిపప్పు వ్యాపారి ఒకాయన నా చుట్ట విప్పించి చూశాడు. బొమ్మ ముందు కుర్చీ వేసుకుని మీటలు నొక్కినట్టు చేస్తూ వరస బట్టీ పట్టాలని వివరించాను.

"ఇమానం నేకుండా ఇమానం సదువుతారేటి బాబూ?"

మొదట్లో అంతేనన్నాను. అయితే తమకు రైలే మేలని ఆయన అటు తిరిగి పడుకున్నాడు.

పొద్దున్న ఏడింటికి పలాస. కాశీబుగ్గలో ఇడ్లీ తిని ఎనిమిదింటి బస్సెక్కాను. ఈ దారిన వెళ్లేవారు వెనక సీట్ల జోలికి పోకండి. రోడ్డులో ఎన్ని గోతులున్నాయో అన్నీ అవి నడుముకు అప్పగిస్తాయి. జీడితోటలూ కొబ్బరితోటలూ దాటుకుంటూ గంటన్నరకు అక్కుపల్లి చేరాను.

అప్పన్న మావయ్య చేపల పడవకు చుక్కాని పట్టేవాడు. ముప్పయ్యేళ్లుగా ఆయన మాటకు ఊళ్లో ఎదురు లేదు. చిన్నప్పుడు సెలవులకొస్తే ఆయన దగ్గితే లేచి నిలబడేవాణ్ణి. అలాంటి మనిషి, నా చదువు సంగతి విని, తానే కెప్టెన్‌నంటూ, కెప్టెన్ కూర్చునే ఎడమ కుర్చీ లాక్కున్నాడు. వసారా ఉత్తరపు గోడకు పోస్టరు అంటించాం. పడవలో ముందు కూర్చునే గున్నయ్య మెట్టుమీద వల బాగుచేసుకుంటూ మా విమానాన్ని చూస్తుండేవాడు.

ఎడమది ఒకటో ఇంజిను, కుడిది రెండోదని మావయ్యకు చెప్పాను. ఆయనకు నచ్చలేదు. కుడీ ఎడమా పడవ తిరిగితే తిరిగిపోతాయి, ఒడ్డు తిరగదు కదా అన్నాడు. మేం ఉత్తరానికి ముఖం పెట్టి కూర్చున్నాం కాబట్టి ఎడమది మెట్ట వైపు, కుడిది సముద్రం వైపు. అలా ఒకటో ఇంజిను మెట్టేపుది, రెండోది సంద్రమేపుది అయిపోయాయి. విమానం ఎగిరి తిరుగుతుందని నేను చెప్పాల్సింది. చెప్పలేదు. నాలుగు రోజులు మా విమానం భేషుగ్గా ఎగిరింది.

అయిదో రోజు జల్లు కొడుతోందని అత్త పోస్టరు పీకి దక్షిణపు గోడకు అంటించింది. కుర్చీలు ఇటు తిప్పుకున్నాం. ఇప్పుడు సముద్రం ఎడమకొచ్చింది. ఒకటో ఇంజిను నిప్పంటుకుందని అరిచాను. వరస ప్రకారం కెప్టెన్ ఆ ఇంజిను మీట మీద చెయ్యి వేసి ఇదేనా అనడగాలి, నేను చూసి అవుననాలి, అప్పుడే ఆపాలి. మావయ్య చెయ్యి అలవాటుగా మెట్టవైపు మీట మీద పడింది. అది ఇప్పుడు రెండోది, బాగున్న ఇంజిను. చూశాను. ఆయన ముఖం కూడా చూశాను. "అవును," అన్నాను. మంటలున్నదాన్ని వదిలేసి మంచిదాన్ని ఆపేశాం.

"తప్పు సెయ్యేసినావు మావా," అన్నాడు గున్నయ్య, వలలోంచి తలెత్తకుండానే.

మావయ్య పోస్టరు చూశాడు, సముద్రం చూశాడు, తల గోక్కున్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు. "నువ్వు సూసినావా?"

చూశానన్నాను.

"మరెందుకు సెప్పనేదు?"

"పెద్దవాడివి కదా మావయ్యా."

"ఓరి ఎర్రి నాయాలా. పెద్దోడైతే మునిగిపోడేటి? ముందర కూకున్నోడు అల సూసి సెప్పకపోతే మర్నాడు వాణ్ణి పడవెక్కనివ్వం."

సిగ్గుతో చచ్చిపోయాను. మర్నాడు తెల్లారి ఒడ్డున నిలబడి చూద్దును కదా, అలల దగ్గర గున్నయ్య మా మావయ్యను ఆగమనీ లాగమనీ అరుస్తున్నాడు, మధ్యలో బూతులు కూడా. చుక్కాని పట్టిన మావయ్య మారుమాట లేకుండా విన్నాడు. పడవ అలలు దాటింది. కొత్త పుస్తకాలు రెండూ ఆ రోజే అత్తకిచ్చేశాను. బియ్యం డబ్బాల కింద ఎత్తుకు సరిపోయాయి. మిగతా రోజులన్నీ మావయ్య కావాలని తప్పులు చేయడం, నేను తప్పని చెప్పడం, అదే చదువు. కానీ అది ఆటని ఇద్దరికీ తెలుసు.

వెళ్లే రోజు మావయ్య పలాస దాకా వచ్చాడు. మధ్యాహ్నం ఒంటిగంటన్నర. ప్లాట్‌ఫారం మీద రైలు ఆగి ఉంది. ఇదే మన బండని మైకులో విన్నానంటూ ఆయన నా సూట్‌కేసు రైలు పెట్టెలోకి చేర్చి, జనాన్ని జరగమని గదమాయించి, నాకు చోటు కూడా చేయించాడు. నేను బోర్డు చూశాను. హైదరాబాదుకు ఎదురు దిక్కున, బరంపురం వైపు పోయే బండి. ఎక్కేసి, ముందొచ్చే సోంపేటలో దిగి వెనక్కొస్తే ఆయనకు తెలియను కూడా తెలియదన్న ఆలోచన కూడా వచ్చింది, సిగ్గు లేకుండా.

"మావయ్యా, ఇది తప్పు బండి. దించు," అన్నాను, పెట్టెంతా వినపడేలా.

కిటికీ దగ్గరావిడ నవ్వింది. మావయ్య సూట్‌కేసు దించి, ముఖం మాడ్చుకుని బెంచీ చివర కూర్చున్నాడు. టీ తెచ్చిస్తే ముట్టుకోలేదు.

చివరికి అన్నాడు, "సెప్పమన్నాను గానీ, నలుగురి ముందరా సెప్పమన్నానేటిరా?"

గున్నయ్య చెబితే ఏమీ అనలేదు కదా అని అడిగాను.

"అది సంద్రం. ఇది టేసను."

కొత్తగా విమానం నేర్చుకునేవారికి ఈ తీరానికొచ్చి నేను తెలుసుకున్నది ఇది. తప్పుంటే చెప్పాలని పుస్తకాల్లో రాసే ఉంది. చెప్పాక ఆ మాడిన ముఖం పక్కనే మిగతా దారంతా కూర్చోవాలని మాత్రం ఏ పేజీలోనూ లేదు. మావయ్యంటే నాకు ప్రాణం. రెండున్నరకు విశాఖ మీదుగా హైదరాబాదు పోయే నా బండి వచ్చింది. సూట్‌కేసు నేనే ఎక్కించుకున్నాను. కిటికీలోంచి ఆయన చెయ్యి పట్టుకుని, ఒంట్లో జాగ్రత్తని చెప్పాను. క్షమించమని మాత్రం అడగలేదు.