దిష్టిబొమ్మ జుట్టు

ఈ రోజు పెద్దపల్లిలో మా ఐదేళ్ల పాపను తీసుకుని బొమ్మ కొనడానికి వెళ్లాను. పాత బొమ్మ బంగారు రంగు జుట్టు రెండు రోజుల్లోనే కొబ్బరి పీచులా అయింది, దువ్వెన దిగదు. అందుకే చిక్కుపడని పొట్టి జుట్టు బొమ్మ అడిగాను.

“నా ఎంటికల్లెక్క ఉండాలె,” అంది పాప, తన నల్లటి ఉంగరాల జుట్టు పట్టుకుని చూపిస్తూ.

దుకాణం పెద్దాయన నవ్వాడు. “గసొంటి ఎంటికలు దిష్టిబొమ్మకే ఉంటయి బిడ్డా. కొత్త ఇంటి ముంగట కడతరు సూడు, గది. నువ్వు జర మంచిది తీస్కో.”

ఛీ అనిపించి, ఏమీ కొనకుండా వచ్చేశాను.

ఇంటికి రాగానే పాప దువ్వెన తెచ్చి, తన ఉంగరాల జుట్టు సాపు చేయమంది.

మీ ఊళ్లో మా పాపలాంటి బొమ్మ దొరికితే చెప్పండి. ఇంటి ముందు వేలాడదీసేది కాదు, పక్కలో పడుకోబెట్టుకునేది.