రెగ్గే పాటకు నేను పోగేసిన జనం

ఆ రోజుల్లో నాకు ఉద్యోగం లేదు గానీ విజిటింగ్ కార్డు ఉండేది. గోదావరిఖనిలో ఇరవై మూడేళ్లు నిండిన మగపిల్లవాడికి రెండే దారులు: ఒంట్లో బాగాలేక నాయన బొగ్గుబాయి పనికి 'అన్‌ఫిట్' అయితే ఆయన ఉద్యోగంలో చేరడం, లేదంటే ఎప్పుడు అన్‌ఫిట్ అవుతాడా అని ఎదురుచూడడం. మా నాయన గుండ్రాయిలా ఉండేవాడు (ఇది కొడుకు బాధపడాల్సిన విషయం కాదని ఇప్పుడు తెలుస్తోంది). అందుకని నేను మూడో దారి కనిపెట్టి, కార్డు మీద నా పేరు కింద 'ఇండిపెండెంట్ సంగీత కళాకారుల ప్రమోటర్' అని వేయించాను. "ఇండిపెండెంట్ అంటే ఏ యూనియన్ల లేనోళ్లా అన్నా?" అని అడిగాడు ప్రెస్సువాడు. అవునన్నాను.

నా చేతిలో ఉన్న కళాకారుడు ఒక్కడే. మా క్వార్టర్ల వెనక లైనులో ఉండేవాడు, నా ఈడువాడే. వాళ్ల నాయన బొగ్గుబాయిలో పని చేసేవాడు. వీడు రెగ్గే పాడేవాడు. ఎక్కడో సముద్రం మధ్య దీవుల్లో పుట్టిన పాట అది. మనం చప్పట్లు కొట్టేచోట ఆగుతుంది, ఆగేచోట కొడుతుంది. ఆ తాళం మీద వాడు మంచాల మీద పడే బొగ్గుదుమ్ము గురించీ, రాత్రి షిఫ్టుకు పోయే నాయన టిఫిన్ డబ్బా గురించీ మన యాసలోనే పాటలు కట్టాడు. నిజంగా బాగుండేవి. కానీ ప్రమోటర్ అన్నాక బాగున్నదాన్ని బాగున్నట్టు వదిలేస్తే ఎలా? "బావా, రెగ్గే పాడేటోనికి జడలుండాలె. గిట్ల నున్నగ దువ్వుకుంటే ఎవ్వడు నమ్మడు" అన్నాను. వాడు, పిచ్చోడు, నమ్మాడు. ఏడాదిన్నర దువ్వెన ముట్టలేదు. వాళ్లమ్మ నన్ను చూసినప్పుడల్లా చీపురు కోసం వెతికేది.

అప్పుడే హైదరాబాద్‌లో కొత్త గాయకులకు వేదికలు ఇప్పించే ఒకాయన ఫోన్లో పాట విని, ఆదివారం మీ ఊరి మీదుగా పోతున్నాను, జనం ముందు పాడితే చూస్తాను, నచ్చితే అక్కడ పాడిస్తాను అన్నాడు. వాడికి అది మొదటి అవకాశం, చివరిది కూడా. ఎందుకంటే వాళ్ల నాయన అన్‌ఫిట్ అయ్యాడు. హైదరాబాద్ కుదిరితే ఆ ఉద్యోగం తమ్ముడు తీసుకుంటాడు, కుదరకపోతే వచ్చే నెల మెడికల్ టెస్టుకు పోయి వీడే బాయి దిగాలి. "జనాన్ని నువ్వు చూస్కో బావా. పాట నేను చూస్కుంట" అన్నాడు.

ఇల్లిల్లూ తిరిగాను. "ఆయితారం కూర వండుకునుడా, మీ పాటలినుడా?" అన్నారు ఆడవాళ్లు. శనివారానికి వస్తామన్నవాళ్లు పదకొండు మంది (అందులో ఏడుగురు మా చుట్టాలు). ఏడుపొక్కటే తక్కువ. అంతలో నల్లా దగ్గర ఒక అవ్వ నన్ను ఆపింది. "గా జడల పిలగాడేనా పాడేది? ఎల్లమ్మ తల్లి గిట్ల పట్టిందా ఏంది బిడ్డా?" అంది. మా దిక్కున తలకు జడలు కట్టాయంటే తల్లి ఆ మనిషిని కోరుకున్నట్టే. కాదవ్వా, ఆ జడలు నేను కట్టించినవి అని చెప్పాలి కదా! "ఏమో అవ్వా, ఏడాదిన్నర సంది దువ్వెన ముట్టలే" అన్నాను. అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు, ఈ రోజుకీ ఎక్కడైనా ప్రమాణం చేస్తాను.

ఆదివారం పొద్దు వాలకముందే గ్రౌండు నిండిపోయింది. పసుపు, వేపమండలు, కొబ్బరికాయలు, కాళ్లు కట్టిన కోడి. వాడు గిటార్ పట్టుకుని రెండు లైన్లు పాడాడో లేదో ముందు వరసలో ఒక అవ్వ తల్లి పూనినట్టు జుట్టు విరబోసుకుని శిగమూగింది. ఆ పక్కన ఇంకొకామె. ఎవరో వాడి మొహాన బొట్టు పెట్టారు, ఎవరో గిటార్‌కు నిమ్మకాయలు కట్టారు. "తల్లీ, మా ఆయనకు ట్రాన్స్‌ఫర్ అయితదా?" "మా మామ అన్‌ఫిట్ అయితడా?" వాడు మైకులో, "నేను దేవున్ని గాదు, జర పాట ఇనుండ్రి!" అని అరిచాడు. "అగో, తల్లికి కోపమచ్చింది" అని ఇంకో పది కొబ్బరికాయలు కొట్టారు. ఆ గోలలోనే మూడు పాటలూ పాడాడు. నా వైపే చూస్తూ పాడాడు. నేను బొటనవేలు ఎత్తి చూపించాను.

హైదరాబాద్ మనిషికి తెగ నచ్చింది. "అద్భుతమండీ! అక్కడ కూడా ఇలాగే, ఈ పసుపు, వేపమండలతోనే చేద్దాం. పాట కొంచెం తగ్గించినా ఫరవాలేదు" అన్నాడు. నేను ఎగిరి గంతేశాను. వాడు కుళాయి దగ్గర మొహం కడుక్కుంటున్నాడు. విని, "నేను రాను" అన్నాడు. ఎంత బతిమాలినా అదే మాట. చివరికి నా వైపు తిరిగి, "నువ్వన్న ఇన్నవా బావా పాట?" అని అడిగాడు. "ఇన్న. మస్తున్నది" అన్నాను. "మూడో పాటల రెండో చరణం ఏంది?" నాకు మొదటి చరణం కూడా గుర్తులేదు. వాడు చెవుల వెనక పసుపు కడుక్కుంటూనే, "పో ఇగ" అన్నాడు. మర్నాడు గుండు. పై నెల మెడికల్. తర్వాత తల మీద హెల్మెట్.

ఇప్పుడు నేను పెద్దపల్లిలో ఒక ఆఫీసులో కూర్చుని ఊరివాళ్ల దుకాణాలను ఫోన్లలో ప్రమోట్ చేస్తుంటాను. ఇంటికి పోయినప్పుడు వాడు అప్పుడప్పుడు డ్యూటీ దిగి వస్తూ ఎదురవుతాడు. "బాగున్నవా?" "బాగున్న." అంతే. మళ్లీ పాడినట్టు ఎవరూ చెప్పలేదు. నా వల్లే, అందులో సందేహం లేదు.

మొన్న పాత ఫోన్‌లో ఫోటోలు వెతుకుతుంటే ఆ రోజు నేను తీసిన వీడియో దొరికింది. ఇన్నేళ్లకైనా రెండో చరణం నేర్చుకుందామని చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్నాను. గిటార్ మొదలైంది. వాడు నోరు తెరిచాడు. ఆ వెంటనే ఫోన్‌కు ఆనుకుని ఒక గొంతు: "జరుగుండ్రి, జరుగుండ్రి! లైన్ల రాండ్రి అవ్వా! ఫికర్ చెయ్యకుండ్రి, అందరికి దర్శనమయితది!" పాట అయిపోయేదాకా అదే. ఎంత సంతోషంగా ఉన్నాడో ఆ విజిటింగ్ కార్డు వెధవ. చెంప పగలగొట్టాలనిపించింది, నవ్వూ వచ్చింది. "జర సేపు నోరు మూస్కోరా నాయనా, నన్ను పాట ఇననియ్యి" అన్నాను. వినలేదు వాడు.