ఎడమచేతి తీర్థం

నోటితో మంత్రం చదివేవాడికి చేయి బాగుంటే ఏమిటి, లేకుంటే ఏమిటి అని బీమా కంపెనీ న్యాయవాది తెనాలి కోర్టులో నవ్వుతూ అడిగాడు. ఆ నవ్వు తలపుకు వస్తే నేటికీ నా ఒళ్లు మండుతుంది.

ఎనభయ్యో దశకం చివరి సంవత్సరాలవి. మా అక్కయ్య భర్త రేపల్లెలో ఒక రామాలయానికి అర్చకులు. వేమూరులో వ్రతం చేయించి, బస్సుకోసం రోడ్డు పక్కన నిలబడి ఉండగా ధాన్యం లారీ ఆయనను కొట్టింది. ప్రాణం దక్కింది గాని కుడి మణికట్టు నుజ్జయి, వేళ్లకు పట్టు లేకుండా పోయింది. పోలీసు కాగితాలు, ఎక్స్‌రేలు, వైద్యుడి ధ్రువపత్రం అన్నీ సమకూర్చాము. తప్పు లారీదేనని బీమావారూ ఒప్పుకున్నారు. జీవనోపాధి పోయిందన్న మాటను మాత్రం ఒప్పుకోలేదు. సాక్షులను తెచ్చుకొమ్మని కోర్టు మాకు వాయిదా ఇచ్చింది.

ఉపాధి ఎలా పోయిందో రేపల్లె ఊరంతటికీ తెలుసు. తీర్థం పోసే ఉద్ధరిణె కుడిచేత నిలవక బావగారు ఎడమచేతితో పోయసాగారు. ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. గుడికి వచ్చినవారు ప్రదక్షిణం చేసి, దండం పెట్టి, సరిగా తీర్థం వేళకు తలవంచుకొని మెట్లు దిగిపోయేవారు. కొన్నాళ్లకు ధర్మకర్తలు మరొక అర్చకుణ్ణి నియమించుకున్నారు. కారణం రాసిమ్మంటే, "ఆయనే మానుకున్నారండి" అన్నారు.

అప్పట్లో బాపట్లలో ఉపన్యాసకుడిగా ఉన్న నేను ఆదివారాలు రేపల్లె వెళ్లి ఇల్లిల్లూ తిరిగాను.

"అయ్యో, మేమేమన్నామండి మాస్టారూ? పంతులుగారంటే మాకు దేవుడితో సమానం" అంది ఒక బియ్యం వ్యాపారి ఇల్లాలు.

"ఆయన పోసిన తీర్థం పుచ్చుకున్నారా అమ్మా?"

"ఆ టైముకి ఇంట్లో పనుంటుందండి."

పక్కనే పేపరు చదువుతున్న భర్త తల ఎత్తలేదు. "మా ఆవిడ రోజూ పొయ్యి మీద పాలు పెట్టి గుడికెళ్తదండి. కరెక్టుగా తీర్థం టైముకే పొంగుతాయవి."

"పోనీ, ఆ మాట మీరు వచ్చి చెబుతారా?"

"నేనసలు గుడికే వెళ్లను కదండీ."

ఎడమచేతి తీర్థం అపచారమని నమ్మేవారిని నేను తప్పు పట్టను; శాస్త్రం నేనూ చదువుకున్నాను. కాని ఆ నమ్మకంతో ఒక మనిషి నోటి కూడు తీసివేసి, ఆ సంగతి చెప్పవలసి వచ్చేసరికి మర్యాదను అడ్డం పెట్టుకోవడం నన్ను దహించింది. పంతులుగారి మనసు నొచ్చుకుంటుందట. ఆ మౌనమే బీమావారి పాలిట బలమైన సాక్ష్యమైంది.

చివరకు అక్కయ్య అంది: "నేను చెబుతానురా తమ్ముడూ."

"ఏమని?"

"జరిగిందే."

ఆమె బోనెక్కగానే ఆ న్యాయవాది, "భార్య భర్త తరఫున చెప్పక ఇంకేం చెబుతుంది లెండి" అన్నాడు.

"ఆయన తరఫున కాదు బాబూ, నా సంగతి చెబుతున్నా. ఇంట్లో పూజయ్యాక ఆయన ఎడంచేత్తో తీర్థమిస్తే నేను పట్టలేదు. గిన్నెలో పొయ్యండి, మడి కట్టుకుని పుచ్చుకుంటానని చెప్పి, తులసి మొక్కలో పోసేదాన్ని. పెళ్లాన్ని, నేనే పుచ్చుకోలేదు. ఊళ్లోవాళ్లు పుచ్చుకుంటారా?"

ఆ సంగతి బావగారికి ఆ క్షణం వరకు తెలియదు. ఆయన ఉత్తరీయం సవరించుకొని నేల వంక చూస్తూ కూర్చున్నారు.

పరిహారం మంజూరైంది. ఊరంతా పంచుకొని చెప్పవలసిన నిజాన్ని ఒక ఇల్లాలి చేత, మగని ఎదుట, నలుగురిలో చెప్పించి గాని ఆ న్యాయం దక్కలేదు. నాటి నుంచి బావగారు ఇంట పూజ ముగిశాక తీర్థపాత్రను పీట మీదనే ఉంచి లేచిపోయేవారు. పొయ్యమని అడిగే ధైర్యం మా అక్కయ్యకు ఏనాడూ కలగలేదు.