లాలి చేతిలో పెళ్లి డిస్కు

పెళ్లయ్యాక భర్త హరిలాల్ దగ్గర కెమెరా పట్టడం నేర్చుకున్న లాలి, ఇప్పుడు చిట్యాలలో ఫొటో స్టూడియో నడుపుతోంది. ఫోన్‌లో చూడటం రాని యాకమ్మ, తన కూతురి పెళ్లి వీడియో డిస్కులో కావాలని అడిగింది. వీడియోను డిస్కులోకి ఎక్కించే డీవీడీ రైటర్ మాత్రం ప్రతిసారీ సగంలో ఆగిపోతోంది. కొత్త డిస్కు పెట్టినా, రైటర్ లెన్సు తుడిచినా అంతే.

"గా రైటర్ ఖరాబైంది, ఇడిసిపెట్టు" అన్నాడు హరిలాల్.

"ఖరాబైతే సగం దాకనన్న ఎట్ల నడుస్తది?" అంది లాలి.

రైటర్‌కు కరెంటు కూడా దాన్ని కంప్యూటర్‌కు కలిపే సన్నటి యూఎస్‌బీ వైరులోంచే రావాలి. ఆ వైరేమో కీబోర్డు, ప్రింటర్లతో కలిసి ఒకే హబ్బుకు, అంటే నాలుగైదు వైర్లు గుచ్చే పెట్టెకు, తగిలించి ఉంది. అన్నీ పంచుకోవడంతో రైటర్‌కు కరెంటు చాలట్లేదేమో అనుకుంది. లాలి దాన్ని పీకి నేరుగా కంప్యూటర్ వెనక గుచ్చింది. ఈసారి డిస్కు ఆగకుండా పూర్తయింది.

సాయంత్రం యాకమ్మ ఇంట్లో టీవీ నిండా పెళ్లి సందడే.

"చుట్టాలకు గూడ ఇంకిన్ని కావాలె బిడ్డా!"

"ఎన్నంటే అన్ని చేసిస్త అవ్వా" అంది లాలి, గొంతు నిండా ధీమాతో.