ఎడమ బోల్టు మీద సున్నం

పోయినవాటిలో నాకు గుర్తున్నవి ఇవి: ఇరవై నాలుగో నంబరు స్పానరు ఒకటి, సంతరోజు మధ్యాహ్నం తాగే రెండో టీ, షెడ్డు ముందు పొట్టిగా రెండుసార్లు మోగే హారన్, వేలెడంత లేని ఒక చీపురుపుల్ల. మనిషిని ఈ లెక్కలో వేయలేకపోయాను.

చింతపల్లి దారిలో లారీలకు బాడీలు కట్టే షెడ్డు నాది. పని ఎక్కువున్నప్పుడే కూలీలు వస్తారు. మిగతా రోజులు నేనొక్కణ్ణే. ఆ పోయిన మనిషి కాఫీ, మిరియాల బస్తాలు ఘాట్ దించే సొంత లారీ డ్రైవరు. ఘాట్ కింద ఊళ్లో ఎవరో ఆయన లారీ బాడీని బండి అడుగు చట్రమైన ఛాసిస్‌కు ముందూ వెనకా బిగదీసి పెట్టారు. ఘాట్ మలుపుల్లో ఛాసిస్ మెలి తిరగబోతే బాడీ తిరగనివ్వలేదు. క్యాబిన్ వెనక పగులు వచ్చింది.

పగులు అతికించి, బాడీకీ ఛాసిస్‌కీ మధ్య ఉండే ఇనుప చట్రం, సబ్‌ఫ్రేమ్, కొత్తగా చేశాను. వెనక గట్టిగా బిగించాను. ముందు మాత్రం రెండు పక్కలా పొడవాటి బోల్టులకు స్ప్రింగులు వేశాను, మలుపులో చట్రం కాస్త లేచేలా.

"ఏటి మేస్త్రీ, బండికి మంచం స్ప్రింగులు ఎడతన్నావు? మలుపులో నిద్దరొచ్చేత్తాది నాకు!"

"నిద్రపోకుండా కొలత పట్టుకురా అన్నా."

చట్రం ఎంత లేస్తోందో తెలియడానికి ఆ బోల్టులకు సున్నం పూసి పంపేవాణ్ణి; లేచినంత మేరా అది రాలిపోతుంది. ఘాట్ దిగాక సున్నం రాలిన మేరకు కొండచీపురు పుల్ల తుంచి, సంతరోజున తెచ్చేవాడు. కుడివైపు పద్దెనిమిది మిల్లీమీటర్లు. ఎడమవైపు ఇరవై ఆరు. ఎడమ స్ప్రింగు మార్చాను, మళ్లీ సున్నం పూశాను. కొలత చూడటం నిమిషం పని. ఆయన సాయంత్రం దాకా కూర్చునేవాడు. వారంలో నేను మాట్లాడే మాటల్లో సగం ఆ రోజువే.

చివరికి ఎడమది ఇరవైకి దిగింది. అది చాలు. అయినా ఇంకా గట్టి స్ప్రింగు వేశాను.

"బాగానే ఉంది కదేటి?" అన్నాడు.

"రెండు తేడా ఉందన్నా."

నా ముఖం చూసి నవ్వాడు. "సర్లే. మళ్లీ సంతకి టీ నీదే." దారిలో పనికొస్తుందని నా స్పానరు తీసుకుని వెళ్లాడు.

ఆ వారమే ఫోన్ చేశాడు. "బండి కిందే అమ్మీసినాను మేస్త్రీ. మోకాళ్లు క్లచ్ తొక్కనేకపోతన్నాయి. పుల్ల జేబులో ఉంది. జీపెక్కి సంతకి తెత్తాను."

"ఎంతుందో చెప్పు."

"నువ్వే సూసుకో. ఇప్పుడే సెప్పేత్తే టీ ఇవ్వవు."

సంతకు ఆయన రాలేదు. జ్వరంతో పోయాడని జీపు డ్రైవరు చెప్పాడు.

వాళ్ల ఊరు వెళ్లాను. ఆయన భార్య చాప వేసింది. పుల్ల గురించి అడగడానికి నాకు నోరు రాలేదు. ఆవిడే అంది: "సొక్కా జేబులో ఇరిగిన సీపురుపుల్ల ఉంది బాబూ. ఏటో తెలీక పొయ్యిలో ఎట్టీసినాను. నీదేటి?"

"కాదమ్మా" అన్నాను.

ఇప్పుడూ లారీలు వస్తాయి. వాటి బోల్టులకూ సున్నం పూస్తాను. వెంట వెళ్లి ఘాట్ దిగి, కొలత నేనే చూసుకుని జీపులో తిరిగొస్తాను. షెడ్డు గోడ మీద ఆయన లారీ లెక్క సుద్దతో రాసింది అలాగే ఉంది. కుడి, పద్దెనిమిది. ఎడమ, రావాలి.